కొబ్బరికాయ లేచిన చోట

మీరు చేసిన పనిని మీ కళ్లముందే మరొకరి మెడలో దండగా వేస్తుంటే, ఆ సభలో కూర్చుని మీరు చప్పట్లు కొట్టారా లేదా? నిజం చెప్పండి. నేనైతే కొట్టాను. పక్కనున్నవాళ్లకంటే గట్టిగానే కొట్టాను, నా మొహంలో ఏముందో ఎవరూ చూడకూడదని.

మా వీధిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు సాయంత్రాలు వచ్చి మా మెట్ల మీద కూర్చుంటారు. "ఆంటీ, స్లయిడ్లన్నీ నేను చేశా. మీటింగులో మా మేనేజర్ వాటిని తనవిగా చెప్పుకున్నాడు. 'మా టీమ్' అని కూడా అనలేదు" అని ఒకమ్మాయి మొన్న కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకు ఓదార్పు చెప్పడం నాకు చేతకాదు. ఓదార్పు నా వృత్తి కాదు. కానీ నాకు తెలిసిన ఒక పై అధికారి గురించి, ఒక కొబ్బరికాయ గురించి చెప్పగలను.

ఉద్యోగ జీవితమంతా నేను సికింద్రాబాద్ రోడ్ల కింద పారే నీళ్లతోనే గడిపాను. పైపుల్లో లీకేజీలు కనిపెట్టడం నా పని. పైకి ఉబికే నీళ్లను ఎవరైనా కనిపెడతారు. భూమిలోనే కారి భూమిలోనే ఇంకిపోయేదాన్ని పట్టుకోవాలంటే మాత్రం వినాలి. దానికి మా దగ్గర నిలువెత్తు ఉక్కు కడ్డీ ఒకటి ఉండేది. రాడ్ అనేవాళ్లం. కింది కొసను రోడ్డు మీద ఆనించి, పై కొసకున్న చిన్న గిన్నెలాంటి మూతకు చెవి ఆనించాలి. పైపులోంచి నీళ్లు ఒత్తిడితో బయటికి చిమ్ముతుంటే పైపు వణుకుతుంది. ఆ వణుకు మట్టిలోకి, మట్టిలోంచి ఉక్కులోకి, ఉక్కులోంచి చెవిలోకి వస్తుంది. అంతే. ఇందులో మంత్రం లేదు.

మంత్రం లేదన్నాను గాని మైమరపు లేదనలేదు. మా దగ్గర నీళ్లు వదిలేది ఒక్కో గల్లీకి వంతు వచ్చిన రోజున, తెల్లవారుజామున. ఆ వేళకే గల్లీలోకి వెళ్లాలి. ఇళ్ల తలుపులు మూసి ఉంటాయి. దీపాల చుట్టూ మంచు పసుపు దూదిలా ఆగి ఉంటుంది. ఎక్కడో పాలప్యాకెట్ల ట్రే దించిన చప్పుడు. అప్పుడు చెవి ఆనిస్తే కింద సన్నగా, దూరంగా, రేకుల కప్పు మీద పక్క ఊళ్లో వాన పడుతున్నట్టు ఒక ధ్వని మొదలవుతుంది. కాసేపటికి నిలబడ్డది రోడ్డు మీదో నది మీదో తెలియదు. పైన ఊరంతా నిద్రపోతుంటే కింద ఇంకో ఊరు మేలుకుని తనలో తాను మాట్లాడుకుంటున్నట్టుండేది. హేతువాదులకు కలలు రావని కొందరంటారు. నాకు నిలబడే వచ్చేవి. ఆశ్చర్యపోవడానికి అబద్ధం అక్కర్లేదని నాకు నేర్పింది ఆ వేకువలే.

చెవి మాత్రం నాది కాదు, చర్చిది. నాన్న తిరుమలగిరి దగ్గర ఒక మిషన్ స్కూల్లో టీచరు. అమ్మ క్వయర్‌లో పాడుతూ నన్నూ పాడించింది. కాలేజీలో చేరాక వాదసభలకు అలవాటుపడి, భోజనాల దగ్గర నాన్నతో వాదించి వాదించి చర్చి మానేశాను. చర్చి నాకిచ్చిన శ్రుతి మాత్రం నన్ను మానలేదు. "నీ నాస్తికత్వానికి జీతం సంపాదించి పెడుతున్నది మా పాటలేనమ్మా" అని నాన్న చివరిదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ ఒక్క వాదనలో నేను ఆయన్ని ఓడించలేకపోయాను.

ఇక మా పై అధికారి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం ఆయనది. దుర్మార్గుడు కాడు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి కథల్లో పై అధికారిని రాక్షసుణ్ని చేస్తే వినేవాళ్లకు హాయిగా ఉంటుంది గాని ఉపయోగం ఉండదు. కింది ఉద్యోగుల ఇళ్లలో పెళ్లయినా చావైనా ముందు వచ్చేది ఆయనే. నన్ను 'అమ్మాయ్' అనేవారు, నాకు జుట్టు నెరిశాక కూడా.

మా పని ఇలా సాగేది. వేకువన నేనూ లైన్‌మనూ వెళ్లేవాళ్లం. లైన్‌మన్ బన్సీలాల్‌పేట్ మనిషి, రోడ్డు మధ్యలోని వాల్వ్ తిప్పి నీళ్లు వదలడం అతని పని, మిగతా సమయమంతా నన్ను ఆటపట్టించడం అతని సరదా. నేను విని, చప్పుడు గట్టిగా ఉన్నచోట సుద్దముక్కతో సున్న చుట్టేదాన్ని. పొద్దెక్కి నీళ్లు ఆగిపోయాక, టిఫిన్ చేసి, తవ్వే మనుషుల్ని వెంటబెట్టుకుని సార్ వచ్చేవారు.

ఒకరోజు బన్సీలాల్‌పేట్‌లోనే ఒక ఇంటాయన అడ్డం పడ్డాడు. గుమ్మం ముందు కొత్తగా సిమెంటు పోయించుకున్నాడు, నా సున్న సరిగ్గా దాని మీదే ఉంది.

"ఏందీ, ఇనుపకట్టెకు చెవు పెట్టి నా గుమ్మం పలగ్గొడతరా? తవ్వనియ్య. పోండ్రి."

సార్ పక్క పూజాసామాన్ల కొట్టు నుంచి ఒక కొబ్బరికాయ తెప్పించారు. వాళ్ల ఊళ్లో పెద్దలు బోరు వేయడానికి అలా చూసేవారట. అరచేతిలో కాయను అడ్డంగా పడుకోబెట్టి, పీచు ముందుకు వచ్చేలా పెట్టుకుని, కళ్లు అరమోడ్చి నడిచారు. నా సున్న దగ్గరికి రాగానే కాయ అరచేతిలో లేచి నిలబడింది. ఇంటాయన చేతులు జోడించాడు. "తవ్వుండ్రి సార్" అన్నాడు. తవ్వితే నీళ్లు. ఎవరో ఫోన్లో తీశారు. కాయ కొట్టి అందరికీ ముక్కలు పంచారు.

లైన్‌మన్ నా పక్కకొచ్చి నములుతూ అన్నాడు: "సార్‌కు పేరు, మీకు చెవునొప్పి, నాకు కొబ్బరిముక్క. అందరికి హిస్సా వచ్చింది మేడం. ఇంక తక్లీఫ్ ఏంది?"

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. ఆ వీడియో ఫోన్ల నుంచి ఫోన్లకు వెళ్లింది. తర్వాత ప్రతిచోటా కొబ్బరికాయ అడగడం మొదలుపెట్టారు. నేను వేకువన సున్న చుట్టడం, ఆయన పొద్దెక్కి కాయతో నడవడం, సున్న దగ్గర కాయ లేవడం. కొన్నాళ్లకు సున్నను ఎవరూ చూడటం మానేశారు. కాయ కొట్టేటప్పుడు దాని మీదే పసుపు చల్లి కప్పేసేవారు కూడా. ఒక సన్మానసభ పెట్టి ఆయనకు 'అభినవ భగీరథ' అని బిరుదిచ్చారు. భగీరథుడు పారని నీళ్లను పారించాడు, మేము పారుతున్న నీళ్లను ఆపుతున్నాం. బిరుదు తలకిందులైందని కూడా అక్కడ ఎవరికీ తట్టలేదు. నేను చప్పట్లు కొట్టింది ఆ సభలోనే.

మర్నాడు ఆయన గదికి వెళ్లాను.

"సార్, రాడ్ మాట ఒక్కసారైనా చెప్పాల్సింది."

"కూర్చో అమ్మాయ్. కాఫీ తాగుతావా?" అన్నారు. కాఫీ వచ్చాక నెమ్మదిగా చెప్పారు. "రాడ్డు చూస్తే జనం గొడవపడతారు. కాయ చూస్తే దణ్ణం పెడతారు. ఎన్ని గుమ్మాలు తవ్వనిచ్చారో చూశావుగా. ఇంతకీ నీకు పని జరగడం కావాలా, నీ సైన్సు గెలవడం కావాలా?"

"రెండూ కావాలి సార్."

"రెండూ కావాలన్నవాళ్లకి ట్రాన్స్‌ఫర్ కూడా వస్తుందమ్మాయ్" అని పెద్దగా నవ్వారు. నవ్వుతూ అన్న మాటకు సాక్ష్యం ఉండదని నాకు అప్పుడే తెలిసింది.

నిజానికి ఆయన ప్రశ్నలో బలం ఉంది. అందుకే అది నన్ను చాలా రోజులు వదల్లేదు. తిరుమలగిరి నుంచి వేకువన స్కూటర్ మీద వస్తూ, కంటోన్మెంట్ చెట్ల కింద చల్లటి చీకట్లో దానికి జవాబు వెతుక్కునేదాన్ని. జవాబు మెల్లగా దొరికింది. నా పేరు తీసుకుంటే నష్టం నాకు. కానీ ఆయన తీసుకున్నది నా పేరు మాత్రమే కాదు, 'ఎలా' అన్నదాన్ని. పేరు పోతే ఒక మనిషికి పోతుంది. 'ఎలా' పోతే ఊరికే పోతుంది. రేపు నేను సెలవులో ఉంటే, సుద్దసున్న లేకపోతే, ఆ కాయ ఎక్కడ లేస్తుంది? ఎక్కడో ఒకచోట లేస్తుంది. జనం అక్కడే తవ్వుతారు. అక్కడ నీళ్లు లేకపోతే అది కాయ తప్పు కాదంటారు, ఎవరో చెప్పులతో తొక్కిన తప్పు అంటారు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆయన కావాలని చెయ్యి తిప్పి మోసం చేసేవారని నేను అనుకోలేదు. కన్ను సున్నను చూస్తుంది, వేళ్లు బిగుస్తాయి, కాయ బరువు జరుగుతుంది. చేసేవాడికి తెలియకుండానే జరిగిపోతుంది. మనిషి ఎదుటివాణ్ని మోసం చేయడం సులువే, అలాంటివాణ్ని పట్టుకోవడమూ సులువే. తనను తాను మోసం చేసుకునేవాడిని పట్టుకోవడమే కష్టం, ఎందుకంటే అతని కళ్లలో అబద్ధం కనబడదు.

డ్రాయింగ్ సెక్షన్‌లో నాకొక స్నేహితురాలుండేది. నా గొడవంతా విని ఒకే మాట చెప్పింది. "ఒక్కరోజు సుద్దముక్క మర్చిపోయి రావే. గా కాయకు తొవ్వ ఎట్ల దొర్కుతదో ఊరంతా చూస్తది."

ఆ మాట తియ్యగా ఉంది. పళ్లకింద బెల్లంముక్కలా దాన్ని కొన్నాళ్లు చప్పరించాను.

సరిగ్గా అప్పుడే సీతాఫల్‌మండి నుంచి పిలుపొచ్చింది. ఒక గల్లీలో నల్లా నీళ్లు వాసనొస్తున్నాయి. వెళ్లేసరికి గల్లీ మొదట్లో ఇడ్లీబండి పెట్టుకునే ఆమె చెంబుతో ఎదురొచ్చింది.

"చూడుండ్రి మేడం, ఇవి నీళ్లా? మోరీని తీస్కొచ్చి మా నల్లాకు అతికిచ్చిండ్రా ఏంది? గల్లీల సగం మందికి వాంతులు, విరేచనాలు. మా అత్తను పెద్ద దవాఖానల వేసినం. గ్లూకోజ్ ఎక్కిస్తున్నరు. కండ్లు తెరుస్తలేదు."

ఇలా ఎందుకు జరుగుతుందో చెబుతాను. చిల్లుపడిన పైపు ఊపిరి తీస్తుంది. నీళ్లు వదిలినప్పుడు చిల్లులోంచి బయటికి ఊదుతుంది. నీళ్లు ఆపినప్పుడు చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. చుట్టూ మట్టి ఉంటే మట్టి, మురికి ఉంటే మురికి. మళ్లీ నీళ్లు వదిలితే పీల్చిందంతా ఇళ్లలోకి పంపుతుంది. అంటే చిల్లు దొరికేదాకా ఈ గల్లీ ప్రతి నీళ్లరోజూ విషమే తాగుతుంది. కాచి తాగమని ఇంటింటికీ చెప్పించాం. కానీ పసిపిల్లలున్న ఇళ్లలో, పొయ్యి ఒక్కటే ఉన్న ఇళ్లలో ఎంతని కాస్తారు?

మర్నాటి వేకువన నీళ్లు వదులుతాం. ఆ పూట వినకపోతే మళ్లీ నీళ్లరోజు వచ్చేదాకా ఆగాలి. ఆ సాయంత్రమే గల్లీ వాట్సాప్ గ్రూపులో కబురు తిరిగింది: కొబ్బరికాయ సార్ రేపు మన గల్లీకి వస్తున్నారు. లోకల్ లీడర్ కూడా వస్తున్నాడు.

ఆ వేకువ ఇప్పటికీ నాకు కలలో వచ్చినట్టే వస్తుంది. సన్నటి పొగమంచు. పొగమంచులో తాళం వేసి ఉన్న టైలర్ షాపు నీలం షట్టర్. లైన్‌మన్ వాల్వ్ తిప్పాడు. కింద నీళ్లు కదిలాయి, గల్లీ చివరిదాకా ఒక నిట్టూర్పు పరిగెత్తినట్టు. నేను అడుగు అడుగుకీ చెవి ఆనిస్తూ నడిచాను. నీలం షట్టర్ ముందు ఆగాను. చప్పుడు అక్కడుంది. శుభ్రమైన సన్నటి చప్పుడు కాదు, గొంతులో కఫం పట్టినట్టు గురగుర.

బ్యాగులోంచి సుద్దముక్క తీశాను. తీసి, వంగకుండా నిలబడిపోయాను.

సున్న చుట్టానా, ఆయన వస్తారు, కాయ లేస్తుంది, చిల్లు దొరుకుతుంది, గల్లీ బతుకుతుంది. కాయ కూడా బతుకుతుంది, ఇంకా పెద్దదవుతుంది. చుట్టలేదా, కాయ పరువు అందరి ముందూ పోతుంది. కానీ అది పోయేలోపు ఈ గల్లీవాళ్లు మరోసారి ఆ నీళ్లే తాగుతారు. నా వాదం నెగ్గడానికి దవాఖానాలో ఉన్న ముసలావిడ గ్లూకోజ్ సీసాను పణంగా పెట్టే హక్కు నాకు ఎవరిచ్చారు? నా స్నేహితురాలి సలహాలోని తీపి అక్కడితో చేదెక్కింది. చప్పట్లు కొట్టడం ఒక దారి. పగ తీర్చుకోవడం ఇంకో దారి. రెండింట్లోనూ ఆ రహస్యం నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది. అదే కదా అసలు జబ్బు!

ఇడ్లీబండి ఆమె స్టౌ మోసుకుంటూ వచ్చింది. "ఏమన్న ఇనిపిస్తున్నదా మేడం?"

రాడ్ ఆమె చేతికిచ్చాను. "నువ్వే విను."

"నాకేం ఎరుక?"

"నాకూ ఒకప్పుడు తెలియదు. చెవి పెట్టు."

ఆమె కొంగు తలచుట్టూ బిగించి చెవి ఆనించింది. అప్పుడే స్టేషన్ వైపు నుంచి రైలు వచ్చింది. గల్లీ అంతా అదిరింది. రైలు వెళ్లిపోయేదాకా ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. తర్వాత నిశ్శబ్దం దిగింది. ఆమె కళ్లు మెల్లగా పెద్దవయ్యాయి.

"అయ్యో, మా అత్త గురక లెక్కనే ఉన్నది మేడం!"

అలా అని నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది. ఆ తర్వాత గల్లీలోని ఆడవాళ్లను తనే కేకేసి పిలిచింది. బిందెలతో వచ్చినవాళ్లు బిందెలు దించి వరస కట్టారు. ఒక పెద్దాయన కూడా వచ్చి చెవి పెట్టాడు. "మంచిగున్నది మిషన్. బీపీ సుత చూడరాదా మేడం" అన్నాడు.

ఎక్కడుందో నేను చెప్పలేదు. గల్లీ మొదటి నుంచి చివరిదాకా వాళ్లనే విననిచ్చాను.

"ఈడ గట్టిగున్నది."

"ఏడది? నీకు చెవుడు. ఇటు రా, షట్టర్ ముంగట చూడు."

"అవునే, ఈడనే."

కొట్లాడుకుని, మళ్లీ విని, చివరికి అందరూ నీలం షట్టర్ ముందుకే వచ్చారు. సుద్దముక్కను నేను తిరిగి బ్యాగులో వేసుకున్నాను. దాని అవసరం ఇక లేదు. నీళ్లు మాత్రం ఆపొద్దని లైన్‌మన్‌కు చెప్పాను. ఎవరూ పట్టుకోవద్దని, తాగొద్దని ఆడవాళ్లే ఇంటింటికీ తిరిగి చెప్పారు.

పొద్దెక్కాక సార్ వచ్చారు. పసుపుకుంకుమలు పెట్టిన కాయ, వెనక లీడర్, పైకెత్తిన ఫోన్లు. ఆయన చూపు రోడ్డు మీద వెతకడం చూశాను. ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి. సున్న లేదు. నా వైపు చూశారు.

రాడ్ ముందుకు చాచాను. "సార్, నీళ్లు ఇంకా వస్తున్నాయి. మీరే ఒకసారి వినండి."

ఆయన రాడ్ వైపు చూసి, చెయ్యి చాపబోయి, ఆపుకున్నారు. ఎందుకు ఆపుకున్నారో అప్పుడు నాకు అర్థం కాలేదు. "అక్కర్లేదమ్మాయ్" అని కాయను అరచేతిలో పెట్టుకుని నడిచారు.

గల్లీ మధ్యలో ఒకచోట రోడ్డు తడిగా ఉంది. అక్కడికి రాగానే కాయ లేచింది. ఫోన్లవాళ్లు చుట్టూ మూగారు. లీడర్ దణ్ణం పెట్టాడు.

ఇడ్లీబండి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "సార్, గది నేను గిన్నెలు కడిగి పారబోసిన జాగ!"

గల్లీ గొల్లుమంది. సార్ మొహం ఎర్రబడింది. "పైకి కనిపించేది అది తల్లీ. గంగమ్మ కింద ఉంది" అన్నారు.

"మేం ఇన్నం సార్. షట్టర్ కాడ ఉన్నది" అంది ఆమె. "ఇన్నం" అని వెనక నుంచి ఇంకొన్ని గొంతులు.

లీడర్‌కు ఎటు మొగ్గాలో తెలియలేదు. ఓట్లు ఆడవాళ్లవి కాబట్టి షట్టర్ ముందే తవ్వమన్నాడు. తవ్వారు. పైపు బయటపడింది. పొడిగా ఉంది. చిల్లు లేదు.

గల్లీ నవ్వు ఆగిపోయింది. లైన్‌మన్ నా చెవిలో, "పరేషాన్ గాకుండ్రి మేడం. ఈ గుంతల మనమిద్దరం పడతం" అన్నాడు. సార్ మృదువుగా, దాదాపు జాలిగా అన్నారు: "చూశావా అమ్మాయ్?"

గడ్డపారలు తడిచోటు వైపు కదులుతున్నాయి. అప్పుడు నేను అరిచాను. జీవితంలో ఎన్నో వాదసభల్లో అరిచాను గాని, ఆ అరుపు ఒక్కటే పనికొచ్చింది.

"మేం తప్పు విని ఉంటే మళ్లీ వింటాం! ఎక్కడ తప్పిందో వెతుక్కుంటాం. కాయ తప్పితే ఏం చేస్తారు? కాయను ఏమని అడుగుతారు?"

జవాబు కోసం ఇడ్లీబండి ఆమె ఎదురుచూడలేదు. చీర దోపుకుని గుంతలోకి దిగి, రాడ్‌ను నేరుగా పైపుకే ఆనించింది. రాడ్ ఇటు జరిపింది, అటు జరిపింది.

"మేడం, సప్పుడు ఈడ పుడతలేదు. గోడ దిక్కు నుంచి వస్తున్నది."

అప్పుడు నాకు వెలిగింది. పెద్దపైపు నుంచి టైలర్ షాపు వెనకింటికి ఒక పాత కనెక్షన్ గొట్టం ఉంది. చప్పుడు ఆ గొట్టం వెంట నడిచొచ్చి పెద్దపైపు దగ్గర మాకు వినబడింది. గోడ వైపు తవ్వించాను. గొట్టం మురికికాలువ అడుగునుంచి వెళ్తోంది. తుప్పుపట్టి, వేలు పట్టేంత చిల్లు. చిల్లులోంచి నీళ్లు కాలువలోకి చిమ్ముతున్నాయి. వాల్వ్ కట్టేయమన్నాను. నీళ్లు ఆగిన కాసేపటికి అందరం చూస్తుండగానే కాలువలోని నల్లటి నీరు సుడి తిరిగి, గుటకలు వేస్తున్నట్టు ఆ చిల్లులోకి దిగడం మొదలుపెట్టింది.

ఒకామె, "ఇదా మనం తాగింది!" అని నోరు మూసుకుంది.

గొట్టం కోసి మూత బిగించాం. పైపంతా కడిగించాం. మరో నీళ్లరోజుకు వాసన పోయింది. కొన్నాళ్లకు అత్తగారు దవాఖానా నుంచి ఇంటికొచ్చింది. కోడలు చేసిన ఇడ్లీ గట్టిగా ఉందని తిట్టిందట. ఆ తిట్టును గల్లీ అంతా పండగలా చెప్పుకున్నారు.

పేపర్లో ఏం వచ్చిందని అడుగుతారేమో. కాయ పట్టుకున్న సార్ ఫొటో వచ్చింది. 'కలుషిత జలాల గుట్టు విప్పిన అధికారి' అని రాశారు. తడిచోటు ఊసే లేదు. ఈ కథలో న్యాయం జరిగిందని మీకు అబద్ధం చెప్పను.

కానీ ఆ గల్లీవాళ్లు ఇంకెప్పుడూ కొబ్బరికాయ అడగలేదు. తర్వాత ఒకసారి అటు వెళ్తే ఇడ్లీబండి ఆమె పొడవాటి ఇనుపచువ్వ ఒకటి చూపించింది. నీళ్లరోజున తనే వింటుందట. "మా గల్లీల మీకు పనిలేదు మేడం, పోండ్రి" అంది గర్వంగా. నా పనిని నా దగ్గర్నుంచి అంత అందంగా తీసుకున్నవాళ్లు లేరు. అది దొంగతనం కాదు. పంట.

సార్ ఫొటో పేపర్లో వచ్చాక ఒక నీళ్లరోజు వేకువన, నేను ఇంకో గల్లీలో వింటుంటే, మంచులోంచి సార్ ఒక్కరే నడిచొచ్చారు. చేతిలో ఏమీ లేదు.

"ఇలా ఇవ్వమ్మాయ్" అని రాడ్ తీసుకున్నారు. చెవి ఆనించారు. ఆ నిలబడే తీరు చూడగానే తెలిసింది, ఆయన కొత్తవాడు కాడు. కాళ్లు ఎక్కడుండాలో, భుజం ఎలా వదలాలో ఆ ఒంటికి తెలుసు. చాలాసేపు అలాగే ఉన్నారు.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే మా బ్యాచ్‌లో బాగా వినేవాణ్ని" అన్నారు చివరికి. "కొన్నేళ్లయింది. ముందు కుడి చెవి, తర్వాత ఎడమది. సన్నటి చప్పుళ్లు వినబడవు. చెబితే ఫీల్డులోంచి తీసేస్తారని చెప్పలేదు. మొదట్లో కాయ నాటకమే. తర్వాత్తర్వాత నిజంగానే లేచేదమ్మాయ్. నీ మీద ఒట్టు."

"తెలుసు సార్."

"ఇప్పుడు వస్తోందా? చప్పుడు?"

వస్తోంది. చాలా బాగా వస్తోంది. "దూరంగా వాన పడుతున్నట్టుంది సార్" అని చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, నా మాటనే వింటున్నట్టు తల ఊపారు. మంచు మా ఇద్దరి మధ్య మెల్లగా కదిలింది. నాకు ఆయన మీద కోపం రాలేదు. నా కోపం తప్పని కూడా అనిపించలేదు. తెల్లవారేదాకా రెండూ నాలో పక్కపక్కనే నిలబడ్డాయి.

ఆ చెవుల సంగతి ఆయన ముందే చెప్పి ఉంటే మేం ఇద్దరం కలిసి పనిచేసేవాళ్లం. ఆయన అనుభవం, నా చెవి. లోపాన్ని దాచడానికి కాయ కావలసి వచ్చింది. కాయను నిలబెట్టడానికి నా పని కావలసి వచ్చింది. పక్కవాడి పనిని మింగే పై అధికారులు చాలామంది లోపల ఏదో ఒకటి వినబడక భయపడుతున్నవాళ్లే. వాళ్లను జాలిగా చూడండి, అభ్యంతరం లేదు. కానీ మీ జాలి కోసం ఊరిచేత మురికినీళ్లు తాగించకండి.

మా మెట్ల మీద కూర్చునే అమ్మాయికి నేను చెప్పింది ఇదే, మీకూ చెబుతున్నాను. నీ పేరు కోసం ఏడవకు, నీ పనిని దాచుకోకు. రేపు ఆఫీసుకు వెళ్లగానే, నీ ఒక్కదానికే తెలిసిన పనిని పక్కనున్న నలుగురికీ చేసి చూపించు. వాళ్ల చేతే చేయించు. ఆ తర్వాత మీటింగులో ఎవరైనా 'నేనే చేశాను' అన్నప్పుడు, ఆ నలుగురూ వింటుండగా, మర్యాదగా, స్పష్టంగా, ఎలా చేశారో చూపించమని అడుగు. ఒకసారి అడిగి ఊరుకోకు. చూపించేదాకా అడుగు.